మల్లేశ్వరమ్మ ఎవరి దగ్గరికి పొమ్మంటుంది

మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. బస్టాండు దగ్గర కుంకుడుకాయలు అమ్మే మల్లేశ్వరమ్మ మా కోడలు యామిని చేత ఏదో ఆకు నమిలించిందట. దాంతో పిల్ల బుద్ధి చెదిరి, ఫ్యాక్టరీలో తను చెయ్యని తప్పును చేశానని నలుగురి ముందూ ఒప్పుకుందట. ఉన్న చెకింగ్ పని పోగొట్టుకుని ప్యాకింగ్‌లో పడిందట. యామిని ప్యాకింగ్‌లో పడిన మాట నిజం. ఆకు మాట అబద్ధం. అది ఎక్కడ పుట్టిందో కూడా నాకు తెలుసు. మా అరుగు మీద, నా నోట్లోనే పుట్టింది. శనివారం పొద్దున మా ఎదురింటి స్వర్ణలతతో అన్నాను. మధ్యాహ్నానికి పాలకేంద్రం దాకా పోయింది. సాయంత్రం తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి ఆకుకు తోడు పసరు, పసరుకు తోడు మూడు చుక్కల తేనె కూడా చేరాయి. నేను వదిలిన మాట కాబట్టి నేనే వెనక్కి తీసుకోవాలి. అందుకోసం ఆ మనిషి సంగతి మొదటినుంచీ చెప్పాలి.

మార్కాపురం బస్టాండు నుంచి రాతి ఫ్యాక్టరీలకు పోయే ఆటోలు ఆగే చోట గోనెపట్టా పరుచుకుని కూర్చుంటుంది మల్లేశ్వరమ్మ. కుప్పపోసిన కుంకుడుకాయలు, చింతపండు ముద్దలు, చీపుర్లు, కాలమొస్తే ఉసిరికాయలు, పాత సీసాల్లో నాలుగైదు తేనె సీసాలు. అదే ఆమె అంగడి. వెనక గోడకు ఆనుకుని ఆమె భర్త బయన్న వెదురుబద్దలతో బుట్టలు అల్లుతుంటాడు. అతనికి ఎడమ తుంటి సరిగా లేదు. లేవాలంటే ఒక చేత్తో గోడ పట్టుకోవాలి, రెండో చేత్తో ఆమె భుజం పట్టుకోవాలి. వాళ్లు చెంచులు. యర్రగొండపాలెం అవతల అడవి అంచున వాళ్ల గూడెం. ఈ ఊరొచ్చి పన్నెండేళ్లయింది. ఆమెకు యాభై దాటి ఉంటాయి. బక్క మనిషి, ముందుపళ్లు రెండు లేవు, ఒక్క అక్షరం రాదు. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పదు. చేతిలో ఉన్న కుంకుడుకాయ తొడిమ తీసేసి, కుప్పలో వేసి, అప్పుడు తలెత్తుతుంది.

ఈమె దగ్గరికి మా వీధి వాళ్లు తమ పనుల్లో వచ్చే చిక్కులు చెప్పుకోవడానికి పోతారు. లైన్‌మన్ వెంకటేష్ పోతాడు. అంగన్‌వాడీ టీచరు స్వర్ణలత పోతుంది. ఫ్యాక్టరీ ఆడవాళ్లయితే ఆటో వచ్చేలోపు ఆమె చుట్టూ మూగుతారు.

ముప్పై ఏళ్లు వాళ్లంతా నా అరుగు మీద కూర్చున్నవాళ్లే. నేను చదివింది అయిదో తరగతి. అయినా ఏ కాగితం ఏ ఆఫీసులో ఇవ్వాలో, ఏ ఆఫీసరు పొద్దున మంచిగా ఉంటాడో, ఎవరు భోజనం తర్వాత మంచిగా ఉంటాడో అన్నీ నాకు తెలుసు. తెలియకపోతే కనుక్కుంటాను. దానికి తోడు పెళ్లికి ముందూ తర్వాతా కలిపి పదకొండేళ్లు బడిపలకల షెడ్డులో పని చేశాను. రాయి చీల్చాను, అంచులు కోశాను, పలకలకు చట్రాలు వేశాను. పలకను వేలితో తడితే మోతను బట్టి లోపల పగులుందో లేదో చెప్పేదాన్ని. అలాంటి నన్ను దాటుకుని వెంకటేష్ ఒకరోజు వెళ్లిపోయాడు.

"ఏంరా వెంకటేషూ, అరుగు మీద ముండ్లు పోసినామా? కూర్చోకుండా పోతాండావు?"

"పనుంది పెద్దమ్మా, మల్లేశ్వరక్క కాడ ఒక మాట అడగాల."

"నన్ను అడిగితే నీ నోటి ముత్యాలు రాల్తాయా?"

"సాయంత్రం వస్తా పెద్దమ్మా" అంటూ సైకిలు తొక్కుకుంటూ పోయాడు. సాయంత్రం రాలేదు. నేను చీకటి పడేదాకా బయటే కూర్చున్నాను. దోమలు కుట్టాయి. మా ఆయన మాలకొండయ్య లోపలినుంచి, "ఇంక లోపలికి రా, నీ దర్బారు మూసేసినారు" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఒళ్లు బాగాలేదని చెప్పాను కానీ ఒళ్లు బాగానే ఉంది.

తర్వాత స్వర్ణలత సంగతి తెలిసింది. అంగన్‌వాడీలో పిల్లల హాజరు ఫోటో తీసి పొద్దున పదిలోపు ఫోన్లో పంపించాలి. ఆమె గదిలో సిగ్నల్ ఉండదు. పక్క సెంటర్ టీచర్ని సలహా అడిగితే, "సాయంత్రం పెట్టు, ఎవరు చూస్తారు?" అందట. పెట్టింది. నోటీసు వచ్చింది. ఆ పక్క టీచరు అక్క కూతురు అదే ఉద్యోగం కోసం ఎప్పటినుంచో కాచుకుని ఉందని నాకు తెలుసు. స్వర్ణలతకు తెలియదు. ఏడుస్తూ మల్లేశ్వరమ్మ దగ్గరికి పోతే ఆమె, "మీ ఆయా కాడికి పో" అన్నదట. ఆయాను అడిగితే, "పిల్లల్ని నేను చూసుకుంటా, నువ్వు వాటర్ ట్యాంకు మెట్లెక్కు, ఆడ నాలుగు గీతలొస్తాయి" అందట. ఆ రోజునుంచి ఫోటో తొమ్మిదిన్నరకే పోతోంది.

వాటర్ ట్యాంకు మెట్లు నేను చెప్పలేనా? గిద్దలూరులో ఉన్న మా చెల్లెలితో రోజూ ఆ మెట్లమీదినుంచే మాట్లాడతాను!

ఇంక ఉండబట్టలేక ఒకరోజు సంచి తీసుకుని బయల్దేరాను. కిలో కుంకుడుకాయలు కొని, ఎండ తగ్గేదాకా అన్న సాకుతో అక్కడే కూర్చున్నాను. ఎవరొస్తారో, ఏమడుగుతారో, ఈమె ఏ మంత్రం వేస్తుందో చూద్దామని. ఆ రోజు ఎవరూ రాలేదు. రెండో రోజు మళ్లీ పోయి ఇంకో కిలో కొన్నాను. మూడో రోజు పోయేసరికి మల్లేశ్వరమ్మ నన్నూ నా సంచినీ మార్చి మార్చి చూసింది.

"మొన్న గదక్కా కిలో తీస్కపోయినావు. నిన్న ఇంకో కిలో. ఇంట్ల అందరూ పొద్దుగాల సాయంత్రం తలంటుకుంటాండారా ఏంది?"

"మా ఇంట్లో అందరికీ జుట్టు ఎక్కువలే."

"మాలకొండయ్య బావకు బట్టతల గదా" అన్నాడు వెనకనుంచి బయన్న, అల్లుతున్న బుట్ట మీదినుంచి తల ఎత్తకుండానే.

ముగ్గురం నవ్వాము. నవ్వు అయిపోయాక ఇంక దాచి లాభం లేదని అడిగేశాను.

"నిజం చెప్పు మల్లేశ్వరీ. వచ్చినోళ్లకు నువ్వు ఏం చెప్తావు?"

కుంకుడుకాయ తొడిమ తీసింది. కుప్పలో వేసింది.

"నేనేం చెప్తానక్కా? నాకేం తెలుసు? కరెంటు ఎరగను, ఫోన్లో ఫోటో ఎరగను. ఎవరి కాడికి పోయి అడగాల్నో అది మాత్రం చెప్తా."

"అదెట్ల తెలుస్తది నీకు?"

అప్పుడు చెప్పింది. వాళ్లలో కొండ చరియకు పట్టిన తేనె తీయాలంటే పైనుంచి తాడు మీద దిగాలి. తీగలు పేని చేసిన తాడు. కింద అడుగు కనబడని లోయ. పైన తాడు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి దిగేవాడి అన్నో తమ్ముడో కాకూడదు. ఎంత ప్రాణస్నేహితుడైనా వాళ్లు ఒప్పుకోరు. పెండ్లాం తోడబుట్టినవాడే పట్టాలి.

"ఎందుకంటావా? ఆ తాడు జారితే ముండమోసేది వాని అక్కే గదా. వాని చెయ్యి తెగినా వదలడు. మిగతావాళ్లు చెడ్డోళ్లని కాదక్కా. వాళ్లకు పొయ్యేదేముంది, చెప్పు?"

బయన్నకు తాడు పట్టేవాడు ఆమె తమ్ముడు రాజేంద్ర. పదిహేనేళ్లు పట్టాడు. ఒక ఏడు రాజేంద్ర మాచర్ల వైపు కూలికి పోయి ఉన్నాడు. తేనెపట్టు పండిపోయింది, ఇంకో రెండు రోజులాగితే ఎలుగుబంటి తినిపోతుందని బయన్నకు ఆత్రం. స్నేహితుడిని తీసుకుపోయాడు.

"మంచోడక్కా" అంది మల్లేశ్వరమ్మ. "ఇప్పటికీ వచ్చి పోతాడు. ఆ పొద్దు ఎవరో ఎనకనుంచి పేరు పెట్టి పిలిచినారంట. తిరిగి చూసినాడు. అంతే. ఆ తిరిగి చూసినంతసేపే."

బయన్న తుంటి విరిగింది. అడవి పని అయిపోయింది. ఈ ఊరొచ్చారు. అప్పటినుంచి ఎవరు ఏ చిక్కుతో వచ్చినా ఆమె అడిగేది ఒక్కటే: నువ్వు పడితే ఎవరికి నష్టం? వాళ్లు ఆలోచించి ఒక పేరు చెబుతారు. ఆ పేరుగల మనిషి దగ్గరికి పొమ్మంటుంది. స్వర్ణలత పోతే ఆయా ఉద్యోగమూ ఊగుతుంది కాబట్టి ఆయా. వెంకటేష్ కింద పడితే కిందే నిచ్చెన పట్టుకుని నిలబడ్డ హెల్పరు మెడకే చుట్టుకుంటుంది కాబట్టి హెల్పరు. అంతే ఆమె విద్య.

నేను గొప్పలు పోకుండా ఉండలేక, "నేనూ పదకొండేండ్లు రాయి కోసినదాన్నే. ఫ్యాక్టరీ సంగతి ఏదన్నా వస్తే నా కాడికి పంపు" అన్నాను. "పంపుతాలే అక్కా" అంది.

ఇంటికి వస్తూ లెక్క వేసుకున్నాను. వెంకటేష్ పడితే నాకేం నష్టం? ఏమీ లేదు. నిజం చెప్పాలంటే నలుగురికి చెప్పుకోవడానికి ఒక సంగతి దొరుకుతుంది. స్వర్ణలత పడినా అంతే. ఆలోచించిన కొద్దీ నా మొహం నాకే వేడెక్కింది. కానీ ఒక మనిషి ఉంది. మా యామిని. ఆ పిల్ల పడితే మొట్టమొదట నా కొంప కదులుతుంది. మా కొడుకు రాజేష్‌ది హైదరాబాదులో డ్రైవరు పని, నెలకొకసారి వస్తాడు. ఇంట్లో నాకు మంచీ చెడూ అన్నీ ఆ పిల్లే. ఎప్పుడో ఒకరోజు యామిని కూడా ఈమె దగ్గరికి పోకపోదు, అప్పుడు ఈమె ఎవరి పేరు చెబుతుందో చూద్దాం అనుకున్నాను. నా పేరు చెబితే గెలిచినట్టు. చెప్పకపోతే ఈ ముప్పై ఏళ్ల అరుగు ఎందుకూ పనికిరానట్టు. మనసులో అంత పెద్ద పందెం వేసుకున్నాను.

ఆ రోజు తొందరగానే వచ్చింది. బుధవారం సాయంత్రం నేను కూరగాయలకు పోయి వస్తుంటే మా యామిని ఆటో దిగి నేరుగా గోనెపట్టా దగ్గరికి పోయింది. అరటిపండ్ల బండి చాటున నిలబడి చూశాను. ఈ పిల్ల ఏదో చెబుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. మల్లేశ్వరమ్మ తొడిమ తీసింది, కుప్పలో వేసింది, తలెత్తి రెండు మాటలు అంది. యామిని తల ఊపింది. అంత దూరానికి మాట వినబడలేదు. బండివాడు, "పండ్లు కొంటావా, బండి కొంటావా అవ్వా?" అని అడిగేదాకా నేను కదల్లేదు.

అడ్డదారిన ఇల్లు చేరి, ఏమీ ఎరగనట్టు అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. యామిని వచ్చింది. కనుబొమల మీద రాతిదుమ్ము అలాగే ఉంది. కాళ్లు కూడా కడుక్కోకుండా నా పక్కన కూర్చుని తనూ నాలుగు చింతపండు రెబ్బలు ముందుకు లాక్కుంది.

"అత్తా, పనికాడ ఒక మాట అయింది" అంది.

"మల్లేశ్వరమ్మ కాడికి పోయినావంట గదా?"

"ఊఁ, పోయినా. అదే అత్తా, మొన్న లారీకి ఎత్తిన లోడు లేదూ..."

"ఏం అడిగింది నిన్ను? చెయ్యి చూసిందా? తేనె గీనె నాకించిందా?"

"అవేం లేవత్తా. నువ్వు ముందు నా మాట ఇను. ఆ లోడులో..."

అప్పుడే ఎదురుగా స్వర్ణలత సంచితో పోతోంది. అదీ బస్టాండు వైపునుంచే. నా ప్రాణం ఆగలేదు. "ఏమ్మే స్వర్ణా! నువ్వు కూడా ఆడినుంచేనా రావడం? ఏమంటాంది మీ మల్లేశ్వరక్క?" అని కేకేశాను. స్వర్ణలత నిలబడింది. అదేదో చెప్పింది, నేనేదో అన్నాను. నేను ఇటు తిరిగేసరికి యామిని లేచి లోపలికి పోయింది. తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంటున్న చప్పుడు వినబడింది. తర్వాత అడగొచ్చులే అనుకున్నాను. గురువారం అడగడం మరిచిపోయాను.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి ఒక్కసారిగా ఏడ్చేసింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. యామిని పని చెకింగ్. కోసిన రాతిబిళ్లలను ఒక్కొక్కటే చూసి మంచిదానిమీద సుద్దతో టిక్కు పెట్టాలి. రంగమ్మ అనే ఆమె వాటిని పెట్టెల్లో సర్దుతుంది. ఒక లోడు బిళ్లలు అంచులు విరిగి చేరాయని కొన్నవాళ్లు ఫోటోలు పంపారు. సరిగా సర్దలేదని ఓనరు రంగమ్మను పనిలోకి రావద్దన్నాడు. ఆ రోజు లారీ తొందరలో యామిని గబగబా టిక్కులు పెట్టింది. విరిగినవి తనే చూడకుండా వదిలేశానేమోనని భయం. చెబితే తన పని పోతుంది, చెప్పకపోతే రంగమ్మ పని పోయింది. రెండు రోజులు నలిగి నలిగి, శుక్రవారం షెడ్డులో అందరి ముందూ, "తప్పు నాది, రంగమ్మత్తది కాదు" అని చెప్పేసింది. రంగమ్మను వెనక్కి పిలిచారు. యామినిని చెకింగ్ నుంచి తీసి ప్యాకింగ్‌లో వేశారు.

"ఏదీ, ఆ ఫోటోలు చూపియ్యి" అన్నాను.

ఫోన్లో చూపించింది. నా కళ్లద్దాలు తెచ్చుకుని, వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఒకటి, రెండు, అయిదు. విరిగిన అంచులు నల్లగా, కొత్తగా మెరుస్తున్నాయి. రాయి కోసేటప్పుడు మిషను మీద నీళ్లు పడుతుంటాయి. అప్పటికే విరిగిన అంచు ఉంటే బూడిదరంగు బురద అందులో చేరి ఎండిపోతుంది. ఎంత కడిగినా గీతలాగా నిలుస్తుంది. ఈ అంచుల్లో ఆ గీత లేదు. అవి షెడ్డులో విరిగినవి కావు. దారిలో లారీ కుదుపులకు విరిగినవి. పెట్టెల్లో గడ్డి కూడా ఒత్తుగానే సర్ది ఉంది. యామిని తప్పూ లేదు, రంగమ్మ తప్పూ లేదు.

"ఈ మాట బుధవారమే చెప్పింటే ఎంత బాగుండునే తల్లీ" అన్నాను.

యామిని నా మొహంలోకి చూసింది. అన్నం వడ్డించడానికి లేచింది.

శనివారం ఆ ఫోటోలు ఓనరుకు చూపించి, అంచుల సంగతి చెప్పింది. ఆయన చాలాసేపు చూసి, "నిజమేనమ్మా" అన్నాడట. "కానీ తప్పు నాదని నువ్వే గదా చెప్పినావు. చెకింగ్‌లో వేరే అమ్మాయిని పెట్టేసినా. చూద్దాంలే" అన్నాడట.

ఆ మాట ఇంటికి రాకముందే, శనివారం పొద్దునే నేను చెయ్యాల్సింది చేసేశాను. రాత్రంతా కడుపు మండిపోయింది నాకు. పదకొండేళ్లు రాయి కోసినదాన్ని ఇంట్లో పెట్టుకుని, ఒక్క చూపుతో తేలిపోయే సంగతికి, మల్లేశ్వరమ్మ నా కోడల్ని ఎవరి దగ్గరికో పంపింది, లేకపోతే ఒప్పేసుకోమని తనే చెప్పింది అని తీర్మానించుకున్నాను. యామినిని అడిగానా? అడగలేదు. పళ్లు తోముకునేలోపే స్వర్ణలతను పిలిచి, "మీ మల్లేశ్వరక్క ఏందో ఆకు నమిలించినట్టుంది మా పిల్లతో" అన్నాను. మిగతాది మా వీధి చూసుకుంది.

ఆదివారం మల్లేశ్వరమ్మ దగ్గర ఎవరూ కూర్చోలేదని విన్నాను. ముందు సంతోషమేసింది. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. యామిని నాతో అవసరమున్న మాటలు తప్ప మాట్లాడటం లేదు. మా ఆయన ఇంట్లో పేరుకున్న కుంకుడుకాయల సంచిని కాలితో పక్కకు జరుపుతూ, "ఆమెనే పోయి అడగరాదూ? ఊరందరినీ అడుగుతావు గదా" అన్నాడు.

సోమవారం పోయాను. సంచి తీసుకుపోలేదు. గోనెపట్టా ముందు ఎవరూ లేరు. బయన్న బుట్ట అల్లుతూ నన్ను చూసి తల దించుకున్నాడు. వాళ్ల దాకా కూడా చేరిందన్నమాట నా మాట. మల్లేశ్వరమ్మ మాత్రం ఎప్పటిలాగే, "రాక్కా" అని పట్టా చివర దులిపి చోటు చూపించింది. నేను కూర్చోలేదు.

"ఒకటి అడుగుతా, దాచకుండా చెప్పు" అన్నాను. "పడితే ఎవరికి నష్టమో వాళ్ల కాడికి పంపుతానంటివి గదా. మా యామిని పడితే నాకంటే నష్టం ఎవరికి? రాయి సంగతి నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? ఊర్లో అందరికీ ఎవరో ఒకరి పేరు చెప్పినావు. నా కోడలికి నా పేరు ఎందుకు చెప్పలేదు?"

మల్లేశ్వరమ్మ చేతిలో ఉన్న కుంకుడుకాయను చూసింది. ఈసారి తొడిమ తీయలేదు. అలాగే కుప్పలో పెట్టి, తలెత్తి నన్ను చూసింది.

"నీ పేరే చెప్పినా గదక్కా" అంది. "బుధవారం. 'మీ అత్త రాయి కోసిన మనిషి, నువ్వు పడితే ముందు ఏడ్చేది ఆమే, పోయి తాడు ఆమె చేతికే ఇయ్యి' అని చెప్పి పంపినా. వచ్చే ఉంటాదే నీ కాడికి. ఆ పిల్ల వచ్చినప్పుడు నువ్వు ఏ దిక్కు చూస్తా ఉండావక్కా?"